అవును అని నొక్కాను

నిజం చెప్పినందుకు నన్ను ఈ మూల కుర్చీలో కూర్చోబెట్టారు. అబద్ధాలు చెప్పినవాళ్ళందరూ మెడలకు దిండ్లు తగిలించుకుని, చక్రాల పెట్టెలు గరగరా ఈడ్చుకుంటూ నా ముందు నుంచే వెళ్ళిపోతున్నారు. పూల చొక్కా ఆయన ఒకడు నా కళ్ళెదుటే మాస్కు కిందికి లాగి, గుప్పిట్లోకి దగ్గి, ఆ చేత్తోనే ఫోనులో ‘దగ్గు ఉందా’ అన్నదానికి ‘లేదు’ అని నొక్కాడు. ఆకుపచ్చ వెలిగింది. ఎంత చక్కటి ఆకుపచ్చో! ఆయన విమానం ఎక్కుతాడు, దిగి ఓడ కూడా ఎక్కుతాడు, ఓడ అంచున నిలబడి చేతులు బార్లా చాపి ఫోటో దిగుతాడు. నన్ను మాత్రం ‘మీకు వాసన తెలియడం లేదా’ అని అడిగితే, తెలియడం లేదు కాబట్టి, ‘అవును’ అని నొక్కాను. తెర మొత్తం ఎర్రబడింది. కౌంటరు పిల్ల కుర్చీతో సహా వెనక్కి జరిగి, "మేడమ్, మీరు అలా పక్కన కూర్చోండి, డాక్టరుగారు వచ్చి చూస్తారు" అంది. ఎప్పుడొస్తాడమ్మా అంటే "వస్తారు" అంది. మరి నీ కౌంటరు ఎప్పుడు మూస్తారంటే మాత్రం ఠక్కున చెప్పింది, ఇంకో గంటలోనట.

ఈ జబ్బు భూమ్మీద పుట్టక ముందే నా ముక్కు పోయింది. ఆ సంగతి చెప్పుకోవడానికి ఓడవాళ్ళ యాప్‌లో చోటు లేదు. అవును, లేదు, రెండే గడులు. ఆ ప్రశ్న రాసిన మహానుభావుడు జన్మలో ఎవరి తలకీ రంగు వేసి ఎరగడు. జుట్టుకు ఉంగరాలు తిప్పే మందు సీసా మూత ఒక్కసారి తీసి ఆయన మొహం దగ్గర పెడితే తెలుస్తుంది. నా పార్లర్ ఒకటే గది, దానికి ఒకటే కిటికీ, ఆ కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. పొద్దున్నుంచి రాత్రి దాకా అమ్మోనియా పీలుస్తూ పెళ్ళికూతుళ్ళనీ, పెళ్ళికూతుళ్ళ తల్లులనీ, తల్లుల కంటే పడుచుగా కనిపించాలనుకునే అత్తలనీ ముస్తాబు చేశాను. ముక్కు ఒక్కసారిగా పోలేదు. ముందు సబ్బు వాసన పోయింది, తర్వాత వాన వాసన, తర్వాత పాలు మాడిన వాసన. ఒకరోజు గిన్నె నల్లగా మాడి గదంతా పొగ నిండాక గాని నాకు తెలియలేదు. అప్పుడు మా అమ్మాయి మూడో క్లాసు చదువుతోంది. అదే వచ్చి స్టవ్ ఆపింది. "నీకు వాసన రాలేదా అమ్మా?" అని అడిగితే దాని నోరు మూశాను.

ఎందుకు మూశానంటే, ముక్కు లేని మంగళసూత్రాల షాపువాడైనా బతుకుతాడేమో గాని ముక్కు లేని పార్లర్ మనిషి బతకదు. తల మీద పెట్టిన రంగు వేడెక్కి మాడుతున్నప్పుడు ముందు చెప్పేది ముక్కే. ఆ సంగతి బయట పొక్కితే నా కుర్చీలో ఎవరు కూర్చుంటారు? అందుకని ఆ పిల్ల బడి నుంచి రాగానే నా పక్కన స్టూలు మీద కూర్చుని లెక్కలు చేసుకునేది, ముక్కు మాత్రం పనిలో ఉంచేది. రంగు వాసన తేడాగా ఉంటే ఎవరికీ కనిపించకుండా నా మోచెయ్యి గిల్లేది. ఇంట్లోనూ అంతే. పాలు పొంగే ముందు ఒక గిల్లు, గ్యాస్ వాసన వస్తే గట్టిగా ఒక గిల్లు. మోచెయ్యి ఎప్పుడూ కమిలే ఉండేది. ఏమిటా మచ్చ అని ఎవరైనా అడిగితే కుర్చీ తగిలిందనేదాన్ని. ఇంట్లో మూడో మనిషి, అంటే ఆ పిల్ల తండ్రి, ఏమీ అడగలేదు.

"వదినా, లేదు అని నొక్కితే పోయేదిగా" అంటోంది మా ఆడపడుచు, రెండు కుర్చీల అవతల నుంచి. ఇందాకటి దాకా నా భుజం మీద వాలి నిద్రపోయిన మనిషి, తెర ఎర్రబడగానే రెండు కుర్చీలు జరిగి కూర్చుంది. "ఎప్పట్నుంచి తెలియట్లేదు? నిన్నటి నుంచా? నాకు ముందే చెప్పాలా వద్దా? ఒకే కారులో వచ్చాం." నా మీద ప్రేమ కాదు అది, ఓడ మీద ప్రేమ. ఈవిణ్ణి నేను మనసులో లామినేషన్ అని పిలుస్తాను. రికార్డు రూములో ఉద్యోగం చేసి రిటైరైంది. అక్కడ చెదలు తిన్న కాగితాలు చూసీ చూసీ కాగితం అంటేనే భయం పట్టుకుంది. ఈ ప్రయాణానికి కావలసినవన్నీ, నావీ తనవీ, టీకా సర్టిఫికెట్లు, పరీక్ష రిపోర్టులు, ఇన్సూరెన్సు, ఓడ టికెట్టు, ఆఖరికి హోటల్ రసీదు కూడా లామినేట్ చేయించి, తాళాల గుత్తిలా రింగుకు గుచ్చి మెడలో వేసుకుంది. నడుస్తుంటే పలకల చప్పుడు. "చూడు, ఒక్కదానికైనా మడత పడిందా?" అని అందరికీ చూపిస్తోంది. మూడు టోపీలు కొంది. ఒకటి ఓడ మీద తిరగడానికి, ఒకటి ఓడ దిగి తిరగడానికి, మూడోది ఎందుకో తనకీ తెలియదు.

ఈవిడ రావలసిన మనిషే కాదు. మా ఆయన రావాలి. కత్తులకూ కత్తెరలకూ సాన పట్టడం ఆయన పని. నా మొదటి కత్తెర మొద్దుబారినప్పుడు పరిచయమయ్యాడు, పెళ్ళయ్యాక కత్తెరలు ఎప్పుడూ మొద్దుబారలేదు, అంతవరకు ఒప్పుకుంటాను. టీకాలు వచ్చాయని తెలియగానే అందరికంటే ముందు వెళ్ళి క్యూలో నిలబడి ఏ సూది ముందు దొరికితే అది వేయించుకుని వీరుడిలా తిరిగొచ్చాడు. తీరా ఆ సూది ఓడవాళ్ళ జాబితాలో లేదు. నేను ఆలస్యంగా, తిట్టుకుంటూ, వేరే చోట వేయించుకున్నది ఉంది. భుజం అదే భుజం, జ్వరం అదే జ్వరం, ఒళ్ళునొప్పులు అవే ఒళ్ళునొప్పులు, కానీ ఆయన రక్తం ఓడకు పనికిరాదు, నాది పనికొస్తుంది. గది ఇద్దరి పేర్ల మీద తీసుకున్నాం కాబట్టి ఆయన చోటులో చెల్లెలొచ్చింది. టికెట్టు లేనివాళ్ళకు లోపలికి ప్రవేశం లేదని ఆయన్ని అద్దాల తలుపు బయటే ఆపేశారు. విమానం లేచేదాకా వెళ్ళనని బయట కారులోనే కూర్చున్నాడు. వెళ్ళి చేసేదీ లేదు, కూర్చుని చేసేదీ లేదు.

ఓడ అంటే నాకేదో మోజు అనుకునేరు. తేలే షాపింగ్ మాల్, అంతే. బయల్దేరిన రేవు నుంచి వెళ్ళి, నీళ్ళలో గుండ్రంగా తిరిగి, మళ్ళీ అదే రేవుకు వచ్చేదాన్ని ప్రయాణం అంటారా ఎవరైనా? ఇంట్లో ఉండమంటే ఉండలేక గోడలు గోకినవాళ్ళు, ఇంటికంటే చిన్న గదిలో ఉండటానికి దేశాలు దాటి వెళ్తున్నారు. దానికి ఎన్ని తతంగాలు! విమానానికి ఒక పరీక్ష, ఓడకు ఇంకో పరీక్ష, మధ్యలో దేశానికి మరొకటి. ముక్కు దారిన పుల్ల మెదడు దాకా పెట్టి తిప్పుతారు, పనిచేయని ముక్కు కదా అని నాకేం తగ్గించలేదు. నేను వెళ్తున్నది సముద్రం చూడటానికి కాదు. ఆ ఓడలో పార్లర్ ఉంది. ఆ పార్లర్‌లో రెండో కుర్చీ వెనక మా అమ్మాయి ఉంది.

అది ఎక్కి రెండేళ్ళు కావస్తోంది. ఎక్కిన కొత్తలోనే ప్రపంచం మూతపడింది. మొదట్లో పనివాళ్ళను ఏ రేవూ దిగనివ్వలేదు. తర్వాత దిగనిచ్చారు, కానీ దిగితే రోజుల తరబడి గదిలో పెట్టి తాళం వేస్తారు, ఉన్న సెలవంతా అక్కడే అయిపోతుంది, తిరిగొచ్చేసరికి కుర్చీ ఇంకొకరిది అవుతుంది. అలా అని అదే చెప్పింది. ఫోనులో మొహం కనిపించేది, వెనకాల ఇనుప గోడ, గుండ్రటి కిటికీ. "వస్తానమ్మా, వచ్చే నెల చూస్తా" అనేది. తోటి పిల్లలు కొందరు ఇళ్ళకు వెళ్ళారని దాని నోటితోనే విన్నాను. వాళ్ళకు దొరికిన దారి దీనికెందుకు దొరకలేదు? ఈ ప్రయాణం అయ్యాక ఆ ఓడ భూగోళం అవతలికి వెళ్ళిపోతుంది, దీన్ని కూడా తీసుకుని. అప్పుడిక ఎవరు ఎక్కగలరు? రాలేకపోతోందా, రావాలని లేదా, అది తేల్చుకోవడానికి నేను ఎక్కుతున్నాను. చిన్నప్పట్నుంచీ అమ్మకు ముక్కు అరువిచ్చి అరువిచ్చి, సముద్రం మధ్యలోనైనా పాలు మాడని చోటు దొరికిందని ఊపిరి పీల్చుకుంటోందేమో. ఒకవేళ అదే నిజమైతే దాని మొహం చూడగానే నాకు తెలిసిపోతుంది. మాస్కు ఉన్నా సరే, కళ్ళు చాలు.

పనివాళ్ళు ప్రయాణికులతో పని మాటలు తప్ప మాట్లాడకూడదట. కుర్చీలో కూర్చున్నంతసేపే, అదీ జుట్టు గురించే. సరే, జుట్టు గురించే మాట్లాడతాను. ఓడ తిరిగే ప్రతి రోజుకూ ఆ పార్లర్‌లో నా పేరున ఒక గంట తీసుకున్నాను. ఒకరోజు కటింగ్, ఒకరోజు రంగు, ఒకరోజు తలస్నానం, మళ్ళీ కటింగ్. నా జుట్టు అది కత్తిరిస్తుంది, దాని జుట్టు నేను కత్తిరిస్తాను, మా ఇంట్లో పద్ధతి అది. ఇంకొకరిని వేలు పెట్టనివ్వం. అది వెళ్ళాక నా తల మీద కత్తెర పడలేదు. సగం వీపు దాకా వచ్చింది, తెల్లగా, చీపురులా. పార్లర్‌కి వచ్చేవాళ్ళు నా తల చూసి వెనక్కి తిరిగిపోయేలా ఉన్నారు. పాస్‌పోర్టులో చెవుల దాకా నల్లటి జుట్టున్న ఎవరో ఆవిడ ఉంది, కౌంటరు పిల్ల ఆ ఫోటోనూ నన్నూ మార్చి మార్చి చూసి మాస్కు తీయమంది, తీశాక ఇంకా అనుమానం పెంచుకుంది. రోజుకు కాస్త కాస్త కత్తిరించమని మా అమ్మాయికి చెప్తాను. అన్ని రోజులకూ సరిపోవాలి కదా.

డాక్టరు వచ్చాడు. నిండా ప్లాస్టిక్ తొడుక్కున్న కుర్రవాడు, టోపీ కింద నుంచి వెనక జుట్టు మెట్లు మెట్లుగా దిగుతోంది. అద్దంలో చూసుకుంటూ తనే కత్తిరించుకున్నాడు, సందేహం లేదు. నాలుగు దేశాల వాళ్ళ ప్రాణాలు ఇతని చేతిలో పెట్టారు. పుల్ల తీసి నా ముక్కులో పెట్టి తిప్పాడు, ఆ చిన్న ప్లాస్టిక్ పెట్టె మీద చుక్కలు వేశాడు, కాసేపటికి ఒకే గీత వచ్చింది. నాకు జబ్బు లేదు. ఆ సంగతి నేను ఇందాకే చెప్పాను.

"జబ్బు లేదు గాని వాసన లేదుగా మేడమ్" అన్నాడు. "ఎప్పట్నుంచి?"

"మా అమ్మాయి మూడో క్లాసులో ఉన్నప్పట్నుంచి."

"అంటే ఎన్ని రోజులు? ఇక్కడ రోజుల్లో అడుగుతోంది."

"దానికిప్పుడు ఇరవై ఏడేళ్ళు. మీరే లెక్కేసుకోండి."

అతను నిజంగానే ఫోను తీసి లెక్కేశాడు. వచ్చిన అంకె ఆ గడిలో పట్టలేదు. "పాతదే అని ఎవరైనా చెప్పగలరా? మీతో ప్రయాణం చేయనివాళ్ళు, ఇంట్లోవాళ్ళు ఎవరైనా?" అన్నాడు. లామినేషన్ లేచి తన రింగంతా వెతికింది, నా ముక్కు గురించి ఏమైనా లామినేట్ చేశానేమో అన్నట్టు. నేను మా ఆయనకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. డాక్టరు అడిగాడు, మీ భార్యకు వాసన ఎప్పట్నుంచి తెలియదు అని.

"దానికి వాసన తెలియకపోవడమేంటి?" అన్నాడు మా ఆయన. "భలేవారే. పాలు పొంగకముందే వంటింట్లోకి పరిగెత్తేది. మా ఇంట్లో దాని ముక్కంత చురుకైన ముక్కు లేదు. ఏమే, ఏమైంది నీకు? ఇవాళ్టి నుంచా?"

వాసన తెలిసిన మనిషి, రెండు ముక్కుపుటాలూ నిక్షేపంగా ఉన్న మనిషి, పిల్ల వెళ్ళాక రెండేళ్ళుగా నేను పాలు స్టవ్ మీద పెట్టి కదలకుండా ఎదురుగా ఎందుకు నిలబడుతున్నానో ఒక్కనాడు ఆలోచించలేదు. కత్తెర అంచు మీద వెంట్రుకంత గంటు కనిపెడతాడు. అందరి కత్తెరలూ కనిపెడతాడు. నాకు ఏడుపు వచ్చింది, ఏడుపు కంటే ముందు ఒళ్ళు మండింది, ఫోను పెట్టేశాను. ఆనాడు ఆ పిల్ల అడిగాక ఇన్నేళ్ళలో నన్ను ఇంకెవరూ అడగలేదు. నీకు వాసన తెలియడం లేదా అని సూటిగా అడిగింది ఆ దిక్కుమాలిన యాప్ ఒక్కటే. అందుకే అవును అని నొక్కాను కాబోలు. అడిగినందుకు.

"మేడమ్, ఆయన ఇలా అంటున్నారు" అన్నాడు డాక్టరు, ఒక అడుగు వెనక్కి వేసి. అవతల కౌంటరు పిల్ల తాడు కట్టి వరస మూసేస్తోంది. లామినేషన్ టోపీల సంచి గుండెలకు హత్తుకుని నా వైపు చూస్తోంది, తన ఓడ నా ముక్కులో మునిగిపోతున్నట్టు.

ఇక మిగిలింది మా అమ్మాయి. పనివేళల్లో ఫోను పట్టుకోనివ్వరు. ఓడలో సిగ్నలు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఒకసారి మోగి ఆగిపోయింది. రెండోసారి మోగుతూనే ఉంది. అది నా పేరు చూసి తీయకుండా వదిలేస్తోందా? కుర్చీలో ఎవరి తలో ఉండుంటుంది, చేతులకు రంగు ఉండుంటుంది. ఎత్తవే తల్లీ, ఒక్కసారి ఎత్తు, తర్వాత జన్మంతా ఎత్తకు. మూడోసారి ఎత్తింది, స్పీకరు పెట్టాను. "అమ్మా? విమానం ఎక్కలేదా ఇంకా?" వెనకాల హెయిర్ డ్రయ్యర్ల హోరు. డాక్టరు నా చేతిలోంచి ఫోను తీసుకుని తనెవరో చెప్పి, ఎయిర్‌పోర్టులో వాసన విషయమై చిన్న అనుమానం వచ్చిందని చెప్పి అడిగాడు, "మీ అమ్మగారికి వాసన తెలుస్తుందా?"

"ఎందుకు తెలియదండీ?" అంది మా అమ్మాయి, ఒక్క క్షణం తడుముకోకుండా. "బ్రహ్మాండంగా తెలుస్తుంది. మా అమ్మ ముక్కుకి ఏ లోటూ లేదు. ఎవరన్నారు మీకు?"

మూడో క్లాసులో నేను మూసిన నోరు. ఇంకా అలాగే మూసుకుని ఉంది, సముద్రం మీద, ముక్కూ మొహం తెలియని డాక్టరుతో నా కోసం అబద్ధమాడుతూ. తను నా ప్రయాణం ఆపుతున్నానని దానికి తెలియదు, నా పరువు కాపాడుతున్నాననుకుంటోంది. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. నేను అతని చేతిలోంచి ఫోను లాక్కున్నాను, మాస్కు జారిపోయింది, పోతే పోనీ.

"చెప్పెయ్యవే" అన్నాను. "ఫర్వాలేదు. నేనే చెప్పేశాను."

"ఏంటి చెప్పేశావ్?"

"ముక్కు సంగతి. నువ్వు కూడా చెప్పెయ్యి. లేకపోతే నన్ను ఎక్కనివ్వరు."

హెయిర్ డ్రయ్యర్ల హోరు దూరమైంది, ఎక్కడికో బయటికి వచ్చినట్టుంది. తలుపు మూసుకున్న చప్పుడు. అప్పుడు చెప్పింది, గబగబా, డాక్టరు అడక్కుండానే, పాల గిన్నె, స్టూలు, గిల్లడం, నాన్నకు కూడా చెప్పొద్దని నేను ఒట్టు వేయించుకోవడం. "ఇంట్లో ముక్కు నేనేనండీ. నేను వచ్చేశాక గ్యాస్ ఎవరు చూస్తున్నారో అని నాకు ఇక్కడ నిద్ర పట్టదు. సెలవు దొరికినప్పుడల్లా ఎవరో ఒకరికి పిల్లలున్నారనో, ఎవరికో ఒంట్లో బాలేదనో ముందు వాళ్ళని పంపాల్సొచ్చింది. నాకేం, మా అమ్మకేం, గట్టి మనిషి అనుకున్నారందరూ. ఆవిడకి వాసన రాదని నేను ఎవరికీ చెప్పలేదుగా."

మెట్ల తల డాక్టరు యాప్‌లో ఏదో నొక్కాడు, పాత సమస్య, అంటువ్యాధి కాదు అని. ఎరుపు పోయి ఆకుపచ్చ వచ్చింది. పరీక్ష రిపోర్టు మీద ముద్ర కావాలన్నాడు. లామినేషన్ పరుగున వచ్చి రింగులోంచి పలక విడదీసి ఇచ్చింది. ముద్ర వేస్తే సిరా ప్లాస్టిక్ మీద పట్టక జారిపోయింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ జారింది. మూడోసారి వేసి, "ఆరేదాకా ముట్టుకోకండి" అన్నాడు. లామినేషన్ దాన్ని రెండు అరచేతుల మీద పెట్టుకుని ఊదుకుంటూ, టోపీలు నేల మీద ఈడ్చుకుంటూ, "ఆగమ్మా, ఆగు, తాడు తియ్యి" అని అరుస్తూ కౌంటరు వైపు పరిగెత్తింది. నా జన్మలో మొదటిసారి ఆ మనిషి నాకు ముద్దొచ్చింది.

స్పీకరు ఆపి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నాను. ఎక్కుతున్నాను."

"నీ పేరు చూశాను. రోజుకో గంట. ఆ గంటలకి నేనే ఉండేలా అడిగి పెట్టించుకున్నా. కానీ అక్కడ మాట్లాడనివ్వరు, పైన కెమెరా ఉంటుంది. కుర్చీలో కూర్చున్నాక ఆ గుడ్డ కింద నుంచి నీ చెయ్యి కాస్త బయటికి పెట్టు."

"ఎందుకు?"

"గిల్లుతా."

"పార్లర్‌లో ఏం మాడుతుందే?"

"ఏమీ మాడదమ్మా. ఊరికే."

నేను కుర్చీలోంచి లేచి, అందరూ చూస్తుండగా, కుర్తా చెయ్యి మోచేతి పైదాకా మడిచాను.